రిస్పనా ఒడ్డున మూడు వారాలు

2025 నవంబరులో మూడు వారాల పాటు డెహ్రాడూన్‌లో మా తమ్ముడి దగ్గర ఉండి, హైదరాబాదు ఆఫీసు పనిని అక్కడి నుంచే లాప్‌టాప్‌లో చేసుకున్నాను. వాడికి అక్కడ ఉద్యోగం వచ్చి రెండేళ్ళయింది. ఇంటికి తిరిగి రమ్మని నేను ఫోను చేసినప్పుడల్లా, "అక్కా, ఒక్కసారి వచ్చి ఉండి చూడు, తర్వాత చెప్పు" అనేవాడు. పైగా అక్కడే ఒక ఫ్లాట్ చూశానని, బయానా ఇవ్వబోతున్నానని దసరాకు చెప్పాడు. అమ్మ కట్టిచ్చిన గోంగూర పచ్చడి, చెగోడీలు సర్దుకుని నాంపల్లిలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, మర్నాడు ఢిల్లీలో దిగి బస్సు పట్టుకున్నాను.

మోహండ్ దాటగానే శివాలిక్ కొండలు మొదలయ్యాయి. రోడ్డుకు రెండు పక్కలా సాల వృక్షాల అడవి. మన శ్రీకాకుళం వైపు వాటినే గుగ్గిలం చెట్లంటారు. దాత్ కాళీ గుడి దగ్గరి సొరంగంలోంచి బయటపడ్డాక లోయ కనిపించింది, దానికి ఆవల గోడ కట్టినట్టు ముస్సోరీ కొండలు నిలబడి ఉన్నాయి. దక్షిణాన శివాలిక్, ఉత్తరాన హిమాలయాల తొలి వరుస, తూర్పున గంగ, పడమర యమున: ఈ నాలుగింటి మధ్య ఒదిగిన లోయ అది. ఊరి ఎత్తు సుమారు 640 మీటర్లు, అంటే హైదరాబాదు కంటే వంద మీటర్లే ఎక్కువ. కానీ అక్కడి నుంచి 35 కిలోమీటర్లు పైకి పోతే ముస్సోరీ 2000 మీటర్ల ఎత్తున ఉంటుంది. రాత్రి తమ్ముడి ఇంటి డాబా మీద నిలబడితే ఆ ఊరి దీపాలు ఆకాశానికి వేలాడదీసిన దండలా కనిపించేవి.

వాడుండేది రాజ్‌పుర్ రోడ్డు వైపు ఒక ఇంటి మేడ మీది వాటాలో. కింద ఇంటివాళ్ళుంటారు, పౌడీ జిల్లా పల్లె నుంచి వచ్చినవాళ్ళు. పొద్దున ఎండ మన దగ్గరకంటే ఆలస్యంగా వచ్చేది. తొమ్మిదింటికి పనికి కూర్చునేటప్పటికి వేళ్ళు కొంకర్లు పోతుండేవి. రెండో రోజు ఇంటామె మండువా రొట్టెలని నల్లటి రొట్టెలు, మీద వెన్న పెట్టి ఇచ్చారు. ముక్క తుంచి నోట్లో పెట్టుకోగానే నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది, అవి తైద (రాగి) రొట్టెలు! మా ఊళ్ళో కూడా పండించేవాళ్ళమని చెబితే ఆమె ముఖం విప్పారింది. వాళ్ళ పల్లెలో ఇప్పుడు మిగిలినవి మూడే ఇళ్ళట. పిల్లల చదువుకనీ, ఆస్పత్రికనీ, ఉద్యోగానికనీ ఒక్కొక్కరే కిందికి దిగి వచ్చేశారట.

2000 నవంబరు 9న ఉత్తరాఖండ్ ఏర్పడి డెహ్రాడూన్ రాజధాని అయినప్పటి నుంచి ఆ రాక ఆగలేదు. నేను వెళ్ళినప్పుడు పాతికేళ్ళ పండుగ జరుగుతోంది. కొండల నుంచి పనికోసం దిగేవాళ్ళు, మైదానాల నుంచి గాలికోసం వచ్చేవాళ్ళు, ఇద్దరూ ఆ ఒక్క లోయలోనే ఇల్లు వెతుక్కుంటారు. 2011 జనగణనలో 5.7 లక్షల జనాభా ఉన్న ఊరు అది, 67 లక్షలు దాటిన మన నగరంతో పోలిస్తే చిన్నదే. అయినా ఊరి నడిమధ్య గడియార స్తంభం ఘంటాఘర్ దగ్గర సాయంత్రం ఆటోలో కూర్చుంటే ఉప్పల్ చౌరస్తా గుర్తుకు వచ్చింది.

ఉప్పల్‌కూ ఆ ఊరికీ నిజంగానే ఒక బంధముంది. దేశపు మ్యాపులు తయారుచేసే సర్వే ఆఫ్ ఇండియా ప్రధాన కార్యాలయం డెహ్రాడూన్‌లో ఉంటే, దాని శిక్షణ సంస్థ మా ఉప్పల్‌లో ఉంది. 1802లో మద్రాసు దగ్గర బ్రిటిష్ సర్వేయరు లాంబ్టన్ మొదలుపెట్టిన భూమి కొలత 78వ రేఖాంశం వెంబడి హైదరాబాదు రాజ్యం మీదుగా డెహ్రాడూన్ దాకా సాగింది. లాంబ్టన్‌కు సహాయకుడిగా 1818లో హైదరాబాదుకు వచ్చిన జార్జ్ ఎవరెస్ట్ (శిఖరానికి పెట్టింది ఈయన పేరే), తర్వాత ముస్సోరీ దగ్గర హాథీపావ్‌లో కాపురమున్నాడు. ఆ ఇంటి ముందు నిలబడి లోయను చూసిన ఆదివారం నా ప్రయాణంలో అన్నిటికంటే మంచి రోజు.

తమ్ముడు చూసిన ఫ్లాట్ రిస్పనా ఒడ్డున ఉంది. రిస్పనా, బిందాల్ అనే రెండు నదులు ఊరి మధ్య నుంచే పారుతాయి. నవంబరులో చూస్తే అందులో నీళ్ళకంటే రాళ్ళే ఎక్కువ, ఒక పక్క చెత్త, ఒక పక్క ఆరేసిన బట్టలు, దాదాపు పారకం దాకా జరిగి వచ్చిన గోడలు. బిల్డరు తరఫు మనిషి దాన్ని "నాలా" అన్నాడు. ఆ మాటకు నా గుండె ఝల్లుమంది, ఎందుకంటే 2020 అక్టోబరు వానలో మా వీధిలోకి మోకాలిలోతు నీళ్ళు తెచ్చింది కూడా అలా నాలా అన్న పేరుతో మిగిలిన చెరువు కాలువే. మనకు చెరువు పోయి మాసబ్ ట్యాంక్ అన్న పేరు మిగిలినట్టే, అక్కడ కాలువ తారు కిందికి పోయి ఈస్ట్ కెనాల్ రోడ్డు అన్న పేరు మిగిలింది.

ఇంటికి వచ్చి ఆ సంగతి చెబితే ఇంటి పెద్దాయన ఏమీ అనకుండా, మర్నాడు మమ్మల్ని తమసా నది ఒడ్డున ఉన్న టప్కేశ్వర్ గుడికి తీసుకెళ్ళారు. సెప్టెంబరులో సహస్రధార వైపు కుంభవృష్టి కురిసిన రోజు నది గుడిలోకి వచ్చేసింది. రెయిలింగు ఇనుప కడ్డీల సందుల్లో ఎండిన గడ్డి, ఒక చిన్న గుడ్డ పీలిక ఇంకా చిక్కుకుని ఉన్నాయి. అవి నా భుజం ఎత్తున ఉన్నాయి, నది మాత్రం చాలా కింద, చప్పుడు కూడా లేకుండా పారుతోంది.

తిరిగి వస్తూ ఆయన ముస్సోరీ కొండను చూపించి, అక్కడ ఒకప్పుడు సున్నపురాయి క్వారీలు తెల్లటి పుండ్లలా కనిపించేవన్నారు. 1985లో సుప్రీంకోర్టు చాలా క్వారీలను మూయించింది. అంతకు మూడేళ్ళ ముందే గఢ్వాల్ రైఫిల్స్ మాజీ సైనికులతో మొక్కలు నాటే దళం ఒకటి ఏర్పడింది; అందులో ఆయన కూడా పనిచేశారు. రాళ్ళలో గుంటలు తవ్వి, మట్టి మూపున మోసుకుపోయి ఒక్కో మొక్క నాటామని చెబుతూ అరచేతులు చాపి చూపించారు. ఇప్పుడు ఆ వాలంతా పచ్చగా ఉంది. కొండను బాగుచేయగలిగిన ఊరు నదిని కూడా బాగుచేసుకోగలదని నేను మనసారా నమ్ముతున్నాను. నదికి దాని చోటు వదిలితే చాలు.

తమ్ముడు బయానా ఇవ్వలేదు. నేను బయలుదేరే ముందు రోజు ఇద్దరం కలిసి రాజ్‌పుర్ వైపు ఎత్తు మీద అద్దెకు మరో ఇల్లు చూశాం. గదులు చిన్నవి, వంటింటి కిటికీలోంచి కొండ కనిపిస్తుంది. వెనక్కి రమ్మని వాణ్ణి నేను మళ్ళీ అడగలేదు. ఎండాకాలంలో అమ్మను తీసుకొస్తానని చెప్పి బస్సెక్కాను.