పాత బండి పోయింది, ఏ బండి తీసుకోవాలి: గుంటూరు నుంచి నాలుగు నెలల లెక్క

ఆగస్టు మూడో వారం

2012లో కొన్న నా 150 సీసీ బండి ఈ వారం 98 వేల కిలోమీటర్లు దాటింది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తోంది, వెయ్యి కిలోమీటర్లకు పావు లీటరుకు పైనే ఇంజిన్ ఆయిల్ తాగేస్తోంది. బ్రాడీపేటలో పదేళ్లుగా నా బండి చూసే మెకానిక్ బాబాయ్ ఇంజిన్ చప్పుడు విని, "బోరు చేయించి పిస్టన్ మారిస్తే ఇంకో రెండేళ్లు తిరుగుద్ది బాబూ, కానీ దాని వెనకాలే క్లచ్, చైన్ సెట్, కోన్ సెట్ అన్నీ మార్చాలి, ఆలోచించుకో" అన్నాడు. పెద్దగా ఆలోచించాల్సిన పని లేకపోయింది. బండే మార్చేద్దామనుకున్నాను.

ఏది తీసుకోవాలో కూడా ఎనిమిదేళ్ల కిందటే అనుకుని పెట్టుకున్నాను. పెద్ద ముందు చక్రం, పొడవాటి సస్పెన్షన్ ఉన్న అడ్వెంచర్ బండి. లద్దాఖ్ ఫొటోలు చూసినప్పుడల్లా పెరిగిన ఇష్టం అది. కానీ ఇంత డబ్బు పెట్టేటప్పుడు నేను నిజంగా ఎక్కడెక్కడ తిరుగుతున్నానో చూసుకోవాలి కదా, అందుకని ఆరు వారాలపాటు ఒక చిన్న నోట్‌బుక్ జేబులో పెట్టుకుని రోజూ మీటరు రీడింగు, ఏ రోడ్డు, ఎక్కువసేపు ఏ వేగంలో నడిపాను, దిగాక ఒళ్లు ఎక్కడ నొప్పి పుట్టింది, ఈ నాలుగూ రాశాను. బండి మార్చాలనుకునే ఎవరైనా షోరూముకు వెళ్లేముందు ఈ పని చేయాలని గట్టిగా చెప్తాను.

సెప్టెంబర్ నెలాఖరు: నోట్‌బుక్ లెక్క

ఆరు వారాల్లో మొత్తం 1,714 కి.మీ. ఇందులో మంగళగిరి ఆఫీసుకు జాతీయ రహదారి 16 మీద వెళ్లి రావడమే 952. గుంటూరు ఊళ్లో, అంటే అరండల్‌పేట, లక్ష్మీపురం, బస్టాండ్ వైపు, కలిపి 390. ఆదివారం పొద్దున సరదాగా తిరిగింది 372: పొన్నూరు మీదుగా బాపట్ల సూర్యలంక ఒకసారి, కోటప్పకొండ ఒకసారి, తాడికొండ మీదుగా అమరావతి, కొండవీడు ఘాట్. మట్టి రోడ్డు ఎంతో తెలుసా? 14 కి.మీ. అదీ పొలాల్లోకి దారి తప్పి వెళ్లింది.

ఈ 14 చూసి నిజంగా చాలాసేపు అలా కూర్చుండిపోయాను. బాధ కూడా వేసింది. ఎనిమిదేళ్లు మనసులో పెట్టుకున్న బండి నేను తిరిగే దారులకు సరిపోయేది కాదని నా చేతిరాతే చెప్తోంది.

మిగతా వివరాలు కూడా రాస్తాను, పనికొస్తాయి. హైవే మీద నా వేగం దాదాపు ఎప్పుడూ 70, 80 మధ్యే. హైవేల మీద బైకులకు కేంద్రం పెట్టిన గరిష్ఠ పరిమితి కూడా 80యే. నేను గేర్లు మార్చుకుంటూ ఇంజిన్‌ను పై ఆర్‌పీఎంకు (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) లాగే మనిషిని కాను, టాప్ గేర్‌లోనే ఉండి యాక్సిలరేటర్ తిప్పితే బండి ముందుకు పోవాలి. వారంలో మూడు రోజులైనా మా ఆవిడ వెనక కూర్చుంటుంది. గుంతల్లో సీటు మీద నుంచి కొంచెం లేవడం నాకు అలవాటు, పొన్నూరు రోడ్డు నేర్పిన అలవాటు అది.

ఈ మధ్యలోనే జీఎస్టీ మారింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ వరకు బైకుల మీద పన్ను 28 నుంచి 18 శాతానికి దిగింది, 350 దాటితే 40 శాతం అయింది. పన్ను కలపకముందు లక్ష ఉన్న బండి అంతకుముందు 1.28 లక్షలు, ఇప్పుడు 1.18 లక్షలు. అప్పటిదాకా సెకండ్ హ్యాండ్ చూద్దామనే ఉన్నాను కానీ, ఈ తగ్గింపు తర్వాత రెండు మూడేళ్లు వాడిన 350కీ కొత్తదానికీ తేడా నాకు నచ్చినంత లేదు. దసరా రద్దీలో బుక్ చేయకూడదని కూడా అనుకున్నాను. ఆ రోజుల్లో షోరూముల్లో టెస్ట్ రైడ్ అంటే సందు చివరిదాకా వెళ్లి రమ్మంటారు.

అక్టోబర్: టెస్ట్ రైడ్‌లు

ముందు కొలతలు. నా ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు. గోడకు ఆనుకుని నిలబడి, కాళ్ల మధ్య ఒక పుస్తకాన్ని పైకంటా పెట్టుకుని నేల నుంచి కొలిస్తే 30 అంగుళాలు, అంటే 762 మి.మీ. బూటు అడుగు కొంత ఎత్తిస్తుంది, మనం కూర్చుంటే స్ప్రింగులు కొంత దిగుతాయి, కాబట్టి 800 మి.మీ. సీటు దాకా నాకు ఇబ్బంది లేదు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, కాగితం మీద సీటు ఎత్తు ఒకటే అయినా సీటు ముందుభాగం వెడల్పుగా ఉంటే తొడలు పక్కకు పోయి కాళ్లు నేలకు అందవు. కూర్చుని చూడాల్సిందే.

రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ల అడ్వెంచర్ బండి హిమాలయన్ 450 మొదట ఎక్కాను, ఎక్కకుండా ఉండలేను కాబట్టి. సీటు తక్కువ ఎత్తులో పెట్టినా 825, బరువు 196 కిలోలు. నడుస్తుంటే ఎంత బాగుందో చెప్పలేను. కానీ ఆగినప్పుడు మునివేళ్లే నేలకు తగిలాయి, వెనక మనిషిని పెట్టుకుని శంకర్ విలాస్ దగ్గర ట్రాఫిక్‌లో అలా నిలబడలేను. సుజుకీ వీ-స్ట్రోమ్ ఎస్‌ఎక్స్ 167 కిలోలే, తేలిక, కానీ సీటు 835. దాని 249 సీసీ ఇంజిన్ 22.2 ఎన్ఎం టార్క్‌ను, అంటే లాగే బలాన్ని, 7,300 ఆర్‌పీఎం దగ్గర ఇస్తుంది, ఇంజిన్‌ను తిప్పి నడిపేవాళ్లకు అది పండగే, నా చెయ్యి అలాంటిది కాదు. ట్రయంఫ్ స్పీడ్ 400 మీద వెళ్తుంటే నవ్వు ఆపుకోలేకపోయాను, 40 పీఎస్ పవర్ అంటే ఏమిటో తెలిసింది. అయితే అది 398 సీసీ, 40 శాతం పన్నులోకి వెళ్తుంది, పైగా 80 దాటని నాకు అంత పవర్‌తో పని తక్కువ.

రాయల్ ఎన్‌ఫీల్డ్‌దే మీటియర్ 350 సీటు 765 మాత్రమే, రెండు పాదాలూ పూర్తిగా ఆనాయి. కానీ క్రూజర్ కాబట్టి ఫుట్‌రెస్ట్‌లు ముందుకు ఉంటాయి, అందువల్ల గుంత వచ్చినప్పుడు కాళ్ల మీద లేవడం కుదరదు, బరువంతా నడుము మీదే ఉంటుంది. చాలామందికి అలా కాళ్లు చాపుకుని కూర్చోవడమే హాయి. నాకు లేచే అలవాటు ఉంది కాబట్టి పాదాలు మోకాళ్ల కిందే ఉండాలి. రైడింగ్ స్టైల్ అంటే ఎంత స్పీడుగా పోతామన్నది ఒక్కటే అనుకునేవాణ్ణి, గుంతలో మనం ఏం చేస్తామన్నది కూడా అందులో భాగమే.

మొంథా తుపాను వారం బండి బయటికి తీయలేదు.

నవంబర్ మొదటి రెండు వారాలు

చివరికి హోండా హైనెస్ సీబీ350, రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 మిగిలాయి. రెండూ పొడవు స్ట్రోక్ ఇంజిన్లు, అంటే పిస్టన్ కదిలే దూరం (స్ట్రోక్) సిలిండర్ వెడల్పు (బోర్) కన్నా ఎక్కువ, తక్కువ ఆర్‌పీఎంలోనే బాగా లాగుతాయి, నాకు కావాల్సిన రకం. క్లాసిక్‌లో బోర్ 72 మి.మీ., స్ట్రోక్ 85.8, టార్క్ 27 ఎన్ఎం, 4,000 ఆర్‌పీఎం దగ్గర. సీబీ350లో 70 బోర్, 90.5 స్ట్రోక్, 30 ఎన్ఎం, 3,000 దగ్గరే. బరువు క్లాసిక్ 195 కిలోలు, సీబీ 181. సీటు 805, 800. అంకెల్లో ఇంత దగ్గరగా ఉన్నాయి కాబట్టి నేనే మూడు పరీక్షలు పెట్టుకున్నాను.

ఒకటి, టాప్ గేర్‌లో 50 దగ్గర ఉండి 75కు లాగడం. ఈ సీజన్‌లో పత్తి బోరాలతో రోడ్డు నిండా ఉబ్బి పోయే ట్రాక్టర్‌ను దాటాలంటే కావాల్సింది ఇదే. రెండు, వాలు ఉన్నచోట ముందు చక్రం కిందికి పెట్టి నిలిపి, సీటు మీద కూర్చునే కాళ్లతో వెనక్కి లాగడం, ఎందుకంటే మా ఆఫీసు పార్కింగ్ సరిగ్గా అలాగే ఉంటుంది. పాత బండికన్నా ఏదైనా బరువే, ఆ పద్నాలుగు కిలోల తేడా నాకు అక్కడ తెలిసింది. మూడోది అన్నిటికన్నా ముఖ్యం, మా ఆవిడను ఎక్కించుకుని పదిహేను కిలోమీటర్లు. షోరూము వాళ్లను బతిమాలి ఇన్నర్ రింగ్ రోడ్డు మీద తిప్పాను. చుడీదార్‌తో ఒకసారి, చీరతో పక్కకు కూర్చుని ఒకసారి కావాలని తనే పట్టుబట్టింది. "ఇది వెడల్పు బాగుంది, గుంతలో నీ మీద పడట్లేదు" అంది సీబీ మీద. దాంతో తేలిపోయింది.

కొటేషన్ కాగితం లైను లైనుగా చదవండి. కొత్త బైకుకు థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఐదేళ్లది తప్పనిసరి, సొంత డ్యామేజీది ఏడాదిది చాలు. అడగకుండానే చేర్చిన యాక్సెసరీలు నాలుగు కనిపించాయి, క్రాష్ గార్డ్, శారీ గార్డ్ ఉంచి మిగతావి తీయించాను. పాత బండిని ఎక్స్‌ఛేంజ్‌కు ఇవ్వబుద్ధి కాలేదు, మెకానిక్ బాబాయే తీసుకున్నాడు. ఫారం 29, 30 మీద సంతకాలు చేసి ఆర్‌సీ ఆయన పేరు మీదకు మారేదాకా వెంటపడ్డాను. పేరు మారకపోతే రేపు చలానా నాకొస్తుంది, ప్రమాదం జరిగితే కేసూ నా మీదకే వస్తుంది.

డిసెంబర్

బండి తెచ్చిన రోజు ఇంద్రకీలాద్రి దిగువన పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి, ప్రకాశం బ్యారేజీ మీదుగా ఇంటికి వచ్చాం. మొదటి వంద కిలోమీటర్లు కొత్త టైర్లు జారుతాయి కాబట్టి మలుపుల్లో జాగ్రత్తగా ఉన్నాను. తర్వాత 500 దాకా ఒకే వేగంలో లాగకుండా మార్చుకుంటూ, ఎక్కువగా 60 లోపే నడిపాను.

మీటరు ఇప్పుడు 1,060. మొదటి సర్వీసు అయింది, ఆయిల్, ఫిల్టర్ మార్చారు, చైన్ బిగించారు. ట్యాంకు నిండా కొట్టించి మళ్లీ నిండా కొట్టించేదాకా లెక్క వేస్తే 403 కి.మీ.కు 11.2 లీటర్లు, లీటరుకు 36. పాత బండి 48 ఇచ్చేది, ఈ ఖర్చు తెలిసే ఒప్పుకున్నాను. గేర్ మడమతో కూడా వేయవచ్చు కాబట్టి ఆఫీసు బూటు పైభాగం పాడవట్లేదు, కొనేటప్పుడు ఇది నాకు తట్టనే లేదు. ఇంకా కుదరనిది హ్యాండిల్, అరగంట దాటితే కుడి మణికట్టు లాగుతోంది, క్లచ్, బ్రేకు లీవర్లు కాస్త కిందికి తిప్పి ఈ వారం చూస్తాను.

సంక్రాంతి సెలవుల్లో ఇద్దరం శ్రీశైలం వెళ్తున్నాం. నరసరావుపేట, వినుకొండ మీదుగా దోర్నాల. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా నల్లమలలోకి బండ్లను వదలరు కాబట్టి, గేటు తీశాకే దోర్నాల చేరేలా నాలుగున్నరకు బయల్దేరతాం. ముందురోజు టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చూడాలి, చైన్‌కు స్ప్రే కొట్టాలి, ఇద్దరి బరువుకు తగ్గట్టు వెనక స్ప్రింగు ఒక మెట్టు బిగించాలి.