ఇత్తడి కేసు మీద మెరిసిన గీత

గ్రీన్ కార్డు వచ్చాక డాలస్ దగ్గర ఒక రేంజిలో టార్గెట్ షూటింగ్ మొదలుపెట్టాను. రైఫిల్ .308 వించెస్టర్ అనే సైజు తూటాది. ఏడాది తిరిగేసరికి తూటాలు నేనే తయారు చేసుకోవడం నేర్చుకున్నాను. అందరూ తూటాలో నింపే మందు గురించే అడుగుతారు గానీ, నా టైమ్ అంతా పేల్చేసిన ఇత్తడి కేసులను, అంటే తూటా గొట్టాలను, మళ్ళీ సిద్ధం చేయడానికే పోతుంది. అందులో తేడా వస్తే ఏమవుతుందో మొదటి యాభై కేసులే చూపించాయి.

పేల్చినప్పుడు కేసు ఉబ్బి, రైఫిల్‌లో తూటా కూర్చునే చాంబర్ గోడలకు అంటుకుంటుంది. దాన్ని సైజింగ్ డై అనే అచ్చులోకి నెట్టి మళ్ళీ కొలతకు తేవాలి. డైతో వచ్చిన కాగితంలో, కింద కేసును పట్టుకునే షెల్ హోల్డర్‌కు తగిలేదాకా డైని దించమని ఉంది. అలాగే దించాను. కేసులు రైఫిల్‌లోకి సాఫీగా దిగాయి, పని కుదిరిందనుకున్నాను.

నాలుగోసారి పేల్చాక ఒక కేసుకు అడుగు నుంచి కొంచెం పైన, చుట్టూ వెంట్రుకంత సన్నని గీత మెరుస్తూ కనిపించింది. గోటితో రాస్తే ఏమీ తగల్లేదు. రేంజిలో ఎప్పుడూ చివరి బెంచీ దగ్గర కూర్చునే పెద్దాయనకు చూపించాను. ఆయన ఒక పేపర్ క్లిప్పును సాగదీసి, కొస వంచి, లోపలికి పెట్టి పైకి లాగి చూడమన్నారు. సరిగ్గా ఆ గీత ఉన్నచోటే కొస గాడిలో పడి ఆగింది. పైకి నున్నగా ఉన్న ఇత్తడి లోపల అరిగినట్టు పలచబడిపోయింది. ఇంకోసారి పేల్చి ఉంటే అక్కడే రెండుగా విడిపోయి, వేడి గ్యాసు వెనక్కి తన్నేది. ఇంటికొచ్చి అన్నీ చూస్తే పదకొండింటికి గాడి తగిలింది. యాభైనీ ప్లయర్‌తో నొక్కేసి తుక్కులో పడేశాను.

తప్పు నాదే. కేసు భుజాన్ని, అంటే బుల్లెట్ కూర్చునే మెడ కింద వాలుగా ఉండే భాగాన్ని, ప్రతిసారీ అవసరానికి మించి కిందికి నెడుతున్నాను. పేల్చినప్పుడు, దాంతో చాంబర్‌లో మిగిలిన ఖాళీ నిండేదాకా కేసు సాగుతుంది. సాగిన ప్రతిసారీ పలచబడేది అడుగు దగ్గరే.

ఇప్పుడు ముందు, అడుగున మందును అంటించే పాత ప్రైమర్ తీసేస్తాను, అది కాస్త పొడుచుకొచ్చినా కొలత తప్పుతుంది. తర్వాత కంపారేటర్ అనే కొలత పరికరంతో అడుగు నుంచి భుజం దాకా కొలిచి రాసుకుంటాను. డైని బాగా పైన పెట్టి, కొద్దికొద్దిగా దించుతూ, ప్రతిసారీ కొలుస్తాను. భుజం అంగుళంలో వెయ్యింట రెండు వంతులు తగ్గగానే డైని బిగించేస్తాను. మొదటిసారి ఇందుకే సాయంత్రమంతా పట్టింది.

లూబ్రికెంట్ విషయంలో కూడా చెయ్యి కుదరాలి. తక్కువైతే కేసు డైలో ఇరుక్కుపోతుంది, నాకు ఒకసారి అడుగుకు బెజ్జం వేసి బోల్టుతో లాగాల్సి వచ్చింది. ఎక్కువైతే భుజం మీద సొట్ట పడుతుంది.

మెడను కాల్చడం నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని. మాది జనగామ వైపు. పెంబర్తిలో ఇత్తడి రేకును కొట్టి కొట్టి, గట్టిపడగానే కాల్చి మెత్తబరిచి మళ్ళీ కొట్టేవాళ్ళు. ఇక్కడా అదే. పేల్చి, నొక్కి, మెడ గట్టిపడి చివరికి చీలుతుంది. లైటు ఆర్పి, కేసును తిప్పుతూ టార్చి మంట మెడకు పట్టి, లీలగా ఎరుపు తేలగానే తీసేస్తాను. అడుగు మాత్రం వేడెక్కకూడదు. ఒత్తిడంతా మోసేది అదే, అది మెత్తబడితే ఆ కేసు ప్రమాదం.

శుభ్రం చేయడానికి నీళ్ళు, గిన్నెల సబ్బు, చిటికెడు నిమ్మ ఉప్పు. నాయనమ్మ బిందెలకు చింతపండు రాసేది కూడా ఆ పులుపు కోసమే. ఎక్కువసేపు నానబెడితే ఇత్తడి గులాబీ రంగుకు తిరుగుతుంది, జింకు పోతోందని అర్థం.

కేసు పొడవు 2.015 అంగుళాలు దాటకూడదు. నేను 2.005కి కోసి, అంచు లోపలా బయటా గీకి నునుపు చేస్తాను. పొడవు మిగిలితే మెడ చాంబర్ చివర ఇరుక్కుని బుల్లెట్‌ను వదలదు, ప్రెషర్ అమాంతం పెరుగుతుంది.

మొన్న ఆదివారం కొత్త వంద కేసులూ ఆరోసారి పేల్చాను. క్లిప్పు ఒక్కదానికీ ఆగలేదు. మూడింట్లో ప్రైమర్ వదులుగా కూర్చుంటే వాటిని వేరే డబ్బాలో వేశాను.