పటమట పిల్లల సర్వర్

గత వేసవి సెలవుల్లో మా మేనల్లుడు పట్టుబట్టడంతో వాడి స్నేహితుల కోసం దిమ్మెలతో లోకాన్ని కట్టుకునే ఆట మైన్‌క్రాఫ్ట్‌కు ఒక సర్వర్, అంటే ఆటగాళ్లందరినీ ఒకే లోకంలో కలిపే కంప్యూటర్, ఏర్పాటు చేశాను. మొదట విజయవాడ పటమటలోని మా ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్ మీదే నడపాలనుకున్నాను. అయితే మా కనెక్షనుకు సొంత పబ్లిక్ ఐపీ చిరునామా లేదని, ఒకే చిరునామాను ఎన్నో ఇళ్లు పంచుకుంటున్నందువల్ల బయటివారు మా కంప్యూటర్‌ను నేరుగా చేరలేరని తెలిశాక, ముంబైలోని ఒక డేటా సెంటర్‌లో నాలుగు కోర్ల (లెక్కలు చేసే భాగాల) సర్వర్‌ను అద్దెకు తీసుకున్నాను. నేరుగా కొలిస్తే విజయవాడకు ముంబై 850 కిలోమీటర్ల పైమాటే. ఫైబర్‌లో కాంతి మిల్లీసెకనుకు సుమారు 200 కిలోమీటర్లు పోతుంది కనుక రానూపోనూ 9 మిల్లీసెకన్లు చాలాలి. దారి మలుపులు, రౌటర్లు కలిపి మాకు 30 దాకా పట్టేది. ఈ ఆటకు అది లెక్కలోది కాదు.

ఆరుగురు ఆడినన్నాళ్లు అంతా సజావుగానే సాగింది. ఒక ఆదివారం ముప్పై మంది చేరేసరికి, పగలగొట్టిన రాయి రెండు క్షణాల తరువాత మళ్లీ అక్కడే ప్రత్యక్షం కావడం మొదలైంది. "మామయ్యా, నెట్ స్లోగా ఉంది" అన్నాడు వాడు. పింగ్, అంటే కబురు సర్వర్‌కు వెళ్లి రావడానికి పట్టే సమయం, చూస్తే అదే 30 మిల్లీసెకన్లు. అసలు చిక్కు టిక్కుల దగ్గర ఉంది. మైన్‌క్రాఫ్ట్ సర్వర్ తన ప్రపంచాన్ని సెకనుకు 20 సార్లు లెక్కగడుతుంది. ఆ ఒక్కో విడతే టిక్కు, దానికి 50 మిల్లీసెకన్ల గడువు. మా సర్వర్‌కు 110 పడుతోంది. పైగా ఈ పనిలో అధిక భాగం ఒకే థ్రెడ్ మీద, అంటే ఒకదాని తరువాత ఒకటిగా ఒకే వరుసలో, నడుస్తుంది కాబట్టి, ఒక్కరు వండుతుంటే ముగ్గురు విస్తళ్ల దగ్గర నిలబడ్డట్టు, నేను అద్దె కడుతున్న మిగతా మూడు కోర్లు దాదాపు ఖాళీగా ఉన్నాయి.

లోతుగా చూస్తే భారం పెరిగింది తలల సంఖ్య వల్ల కాదు, పిల్లలు తలో దిక్కుకు పోవడం వల్ల. ఆట తన ప్రపంచాన్ని చంకులనే చదరపు ముక్కలుగా విభజిస్తుంది. ఒక్కో ఆటగాడి చుట్టూ పది చంకుల దూరం వరకు, అంటే 21 × 21 చొప్పున 441 చంకులను సర్వర్ సిద్ధంగా ఉంచాలి. అందరూ ఒకే ఊళ్లో ఉంటే అవే చంకులు అందరికీ సరిపోతాయి. ముప్పై మంది ముప్పై దిక్కులకు పోతే 13,230 అవుతాయి. చూపు దూరాన్నీ, లెక్కగట్టే దూరాన్నీ 10 నుంచి 6కు తగ్గించాను. తలకు 169 చంకులయ్యాయి, టిక్కు 50 లోపలికి వచ్చింది.

వేలమంది కలిసి ఆడే అంతరిక్ష ఆట ఈవ్ ఆన్‌లైన్‌లో చిక్కు దీనికి తలకిందులు: అక్కడ జనం ఒకే నక్షత్ర మండలంలో గుమిగూడితేనే సర్వర్ కుంగిపోతుంది. అందుకని రద్దీ పెరిగినప్పుడు ఆట కాలాన్నే నెమ్మదింపజేసి, అవసరమైతే పదో వంతు వేగానికి దించుతారు. 2014 జనవరిలో 7,500 మందికి పైగా పాల్గొన్న ఒక యుద్ధం ఇలాగే సుమారు 21 గంటలు సాగింది. పబ్‌జీ వంటి ఆటలకు ఈ బాధ తక్కువ. వంద మంది నిండగానే మరో మ్యాచ్ వేరే చోట మొదలవుతుంది. ఇంకొన్ని ఆటలు మూలా నక్షత్రం నాడు ఇంద్రకీలాద్రి మీద చేసినట్టు జనాన్ని క్యూలో ఆపుతాయి. నా మటుకు నాకు కాలాన్ని నెమ్మదించడమే న్యాయంగా తోస్తుంది, ఎందుకంటే ఆ ఆలస్యం అందరికీ సమానం.

ఇప్పుడు మా వాడు అందరినీ ఒకే మైదానంలో చేర్చి ఇళ్లు కట్టే పోటీ పెడతానంటున్నాడు. చంకుల బెడద ఉండదు గానీ, ఒక్కొక్కరి కదలికను మిగతా 29 మందికీ చెప్పాలంటే ఒక్క విడతకే 870 కబుర్లు. చూపు దూరం తగ్గించడం ఇక్కడ పనికిరాదు.