డబ్బా టీవీ ఒకటి కావలెను

ఏప్రిల్

డబ్బా టీవీ, అంటే పిక్చర్ ట్యూబు ఉన్న పాత టీవీ, వెతికేముందు అది దేనికోసమో తేల్చుకోవాలి. నా దగ్గరున్న గేములు ఇవి. తొంభైల్లో వీధికొకటి ఉండే అరవై పిన్నుల క్యాసెట్ గేము, అంటే నింటెండో ఫామికామ్‌కి నకలు, దాని ప్లాస్టిక్ తుపాకీతో సహా. ఒక సెగా మెగా డ్రైవ్. ప్లేస్టేషన్ 1, ప్లేస్టేషన్ 2. ఇవన్నీ పాల్ రకం, అంటే మన దేశపు 50 హెర్ట్జ్ టీవీ పద్ధతివే. ఓడ ఉద్యోగం చేసే మా బావ జపాన్ నుంచి తెచ్చిన సూపర్ ఫామికామ్ ఒక్కటే ఎన్‌టీఎస్‌సీ రకం, అంటే జపాన్‌వాళ్ల 60 హెర్ట్జ్ పద్ధతిది. దాని అడాప్టర్ 100 వోల్టులది, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా మన ప్లగ్గులో పెడితే అంతే సంగతులు.

హాల్లో 43 అంగుళాల ఎల్‌ఈడీ ఉండగా ఇంకో టీవీ ఎందుకని ఇంట్లో అడిగారు. న్యాయమైన ప్రశ్నే. క్యాసెట్ గేము దానికి తగిలించి చూపించాను. పాత టీవీ ప్రసారంలో 625 లైన్లు రెండు విడతల్లో వస్తాయి, ఒకసారి బేసి లైన్లు, తర్వాత సరి లైన్లు. పాత కన్సోళ్లు ఈ బేసి సరి గొడవ పెట్టుకోవు. ప్రతి విడతా అవే లైన్ల మీద మళ్లీ గీస్తాయి. ఎన్‌టీఎస్‌సీలో దీన్నే 240పి అంటారు. పిక్చర్ ట్యూబుకి ఈ తేడాతో పనిలేదు, ఏది వస్తే అది గీసేస్తుంది. చాలా ఎల్‌ఈడీ టీవీలు మాత్రం ఇవి రెండు సగాలనుకుని అతకబోతాయి. దెబ్బ తగిలిన బొమ్మ మిణుకు మిణుకుమంటుంది కదా, అది దువ్వెన పళ్లలా చీలిపోతుంది, లేదా కాసేపు మాయమే అవుతుంది. దానికి తోడు ఆలస్యం. బటన్ నొక్కాక మారియో ఎప్పుడో ఎగురుతాడు. గేమ్ మోడ్ పెడితే ఆలస్యం కొంత తగ్గుతుంది గానీ అతుకుల సంగతి అలాగే ఉంటుంది.

పాత గేముల బొమ్మని ఎల్‌ఈడీకి తగ్గట్టు మార్చే ఓఎస్‌ఎస్‌సీ, రెట్రోటింక్ లాంటి పెట్టెలు మధ్యలో పెడితే ఈ సమస్య చాలావరకు తీరుతుంది. ఇరుకు ఫ్లాట్‌లో ఉండేవాళ్లకి నేను అదే చెబుతాను, సిగ్గుపడాల్సిన పనేం లేదు. కాకపోతే అవి విదేశాల నుంచి తెప్పించుకోవాలి, పైన కస్టమ్స్. ఎన్ని పెట్టెలు పెట్టినా ఈ తుపాకీ మాత్రం పనిచేయదు. బాతుల వేట గేములో మీట నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, వెంటనే బాతు ఉన్నచోట తెల్ల గడి వెలుగుతుంది. తుపాకీ గొట్టంలో ఉన్న సెన్సర్ ఆ వెలుగు కోసం చూస్తుంది. ఎల్‌ఈడీలో బొమ్మ ఆలస్యంగా వస్తుంది కాబట్టి సెన్సర్ చూసేవేళకి అక్కడ వెలుగుండదు. మా మేనల్లుడు తెరకి తుపాకీ ఆనించి కాల్చినా బాతు చావలేదు. దాంతో ఇంట్లో అనుమతి దొరికింది.

మే

విశాఖలో డబ్బా టీవీ దొరకడం కష్టం కాదు, మంచిది దొరకడం కష్టం. నేను రెండు చోట్ల కన్నేశాను. ఒకటి, బదిలీ మీద ఊరు వదిలే నేవీ కుటుంబాలు. రెండు, రిటైరై ఉక్కునగరం క్వార్టర్లు ఖాళీ చేసేవాళ్లు. ఇద్దరూ సామాను జాగ్రత్తగా వాడినవాళ్లు, పైగా తొందరగా వదిలించుకోవాలనే ఆత్రం. పాత సామాన్ల కొట్లలోనూ చూశాను గానీ అక్కడ టీవీల మీద టీవీలు పేర్చి ఉంటాయి, కింది వరసలో ఉన్నదాన్ని ప్లగ్గు పెట్టి చూపించమంటే కొట్టువాడి మొహం మాడిపోతుంది.

మన ఊరికే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది, ఉప్పుగాలి. టీవీ లోపల ఈహెచ్‌టీ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ట్యూబుకి పాతికవేల వోల్టుల దాకా వెళుతుంది. దాని చుట్టూ చేరిన దుమ్ముకి చెమ్మ తగిలితే చిటపటమని శబ్దం, ఒకోసారి ఊదారంగు మెరుపు, ఒక ఘాటైన వాసన. సముద్రం పక్కన లాసన్స్ బే వైపు బాల్కనీ పక్కనే ఏళ్ల తరబడి ఉన్న టీవీ కన్నా సముద్రానికి దూరంగా పెందుర్తిలో గోడవారగా ఉన్న టీవీకి నేను ఎక్కువ మార్కులేస్తాను. వెనక మూత స్క్రూలు చూడండి. స్క్రూ తలలూ స్పీకర్ జాలీ తుప్పు పట్టి ఉంటే లోపల బోర్డు కూడా అలాగే ఉంటుంది. ఒకాయన కంచరపాలెంలో చూపించిన టీవీ తళతళలాడుతోంది, స్క్రూలు మాత్రం ఎర్రగా ఉన్నాయి. ఆరా తీస్తే 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫానుకి కిటికీ ఊడి తడిసిందట. "తరవాత బాగానే ఆడిందండీ" అన్నారు. ఆడే ఉంటుంది. దండం పెట్టి వచ్చేశాను.

ఇంకొకటి చూడాల్సింది లోపలి కిట్టు. అసలు బోర్డు పోయిన టీవీల్లో మెకానిక్కులు చైనా కిట్టు బిగిస్తారు. డబ్బా మీద ఒక కంపెనీ పేరుంటుంది, మెనూ నొక్కితే ఆ కంపెనీకి సంబంధం లేని ఆకుపచ్చ అక్షరాలు వస్తాయి, రిమోట్ ఇంకేదో ఉంటుంది. ఊరికే సినిమాలు చూడటానికి పర్వాలేదు. గేములకైతే నాకొద్దు. ఆ ట్యూబుకీ, దాని మెడ చుట్టూ ఉండి కిరణాన్ని వంచే యోక్ కాయిల్‌కీ సరిపోయేలా తయారైన బోర్డు కాదు కాబట్టి అంచుల్లో గీతలు వంగిపోతాయి, సరిచేద్దామన్నా మెనూలో ఆ మీటలు ఉండవు.

అందరూ ఎగబడేది 29 అంగుళాల ఫ్లాట్ మీద. నాకూ మర్రిపాలెంలో ఒకటి దాదాపు ఉచితంగా వచ్చేది. పెద్ద కంపెనీ, నల్లటి తెర, పక్కన 100 హెర్ట్జ్ అని స్టిక్కర్. ఆ స్టిక్కరే వద్దంది. 100 హెర్ట్జ్ అంటే వచ్చిన బొమ్మని లోపల డిజిటల్‌గా దాచుకుని రెండుసార్లు చూపించడం. అంటే ఎల్‌ఈడీలో ఏ రోగముందో ఇందులోనూ అదే. ఆలస్యం ఉంటుంది, తుపాకీ పనిచేయదు. ఇక బరువు చూస్తే నలభై కిలోలు పైనే, మాది లిఫ్ట్ లేని మూడో అంతస్తు. పిక్చర్ ట్యూబు పొట్టిగా ఉండే స్లిమ్ మోడళ్లు కూడా పక్కన పెట్టేశాను. ఎలక్ట్రాన్ కిరణాన్ని తక్కువ దూరంలో ఎక్కువ వంచాలి కాబట్టి వాటిలో మూలలు కుదరడం కష్టం. అడ్డంగా కదిలే గేముల్లో నేల అలలా ఊగుతుంటే నాకు తల తిరుగుతుంది.

కాబట్టి కొలత తేలిపోయింది. 21 అంగుళాలు, మామూలు 50/60 హెర్ట్జ్, ఏవీ ఇన్‌పుట్‌లో ఎన్‌టీఎస్‌సీ తీసుకునేది, వెనక కాంపొనెంట్ జాక్‌లు, అంటే బొమ్మని మూడు వైర్లలో విడదీసి తీసుకునేవి, ఉంటే అదృష్టం. మన దగ్గర చాలా మోడళ్ల మీద వీటి పక్కన డీవీడీ అని రాసి ఉంటుంది, ఆకుపచ్చ, నీలం, ఎరుపు రంగులు చూసి పోల్చుకోవాలి. యూరప్‌వాళ్ల స్కార్ట్ సాకెట్ ఇక్కడ వెతకడం దండగ.

జూన్

టీవీ చూడటానికి వెళ్లేటప్పుడు సంచిలో సూపర్ ఫామికామ్, దాని ట్రాన్స్‌ఫార్మర్, ఏవీ వైరు, ఒక అయస్కాంతం లేని స్క్రూడ్రైవర్. జపాన్ మెషిన్ ఎందుకంటే అది ఒక్కటీ ఆడితే రెండు పరీక్షలు ఒకేసారి అయిపోతాయి. బొమ్మ నిలబడి, నలుపు తెలుపుల్లో వస్తే టీవీ 60 హెర్ట్జ్ తీసుకుంటోంది గానీ ఎన్‌టీఎస్‌సీ రంగు తెలియదు. పాల్ రంగు సంకేతం 4.43 మెగాహెర్ట్జ్ మీద, ఎన్‌టీఎస్‌సీది 3.58 మీద ఉంటుంది. బొమ్మ పైకి పరిగెడుతుంటే 60 హెర్ట్జే కుదరలేదన్నమాట. ఎనభైల నాటి చెక్క డబ్బాల్లో ఇది మామూలే.

ముందే ఫోన్ చేసి ఒక మాట చెప్పాలి: "నేనొచ్చేదాకా ఆన్ చేయకండి." ట్యూబు ఆరోగ్యం చల్లగా ఉన్నప్పుడే బయటపడుతుంది. మంచి ట్యూబు కొద్ది సెకన్లలో నిండుగా వెలుగుతుంది. ఎమిషన్, అంటే ఎలక్ట్రాన్లు వదిలే శక్తి, తగ్గిన ట్యూబు నిమిషాల తరబడి మసకగా ఉండి, వేడెక్కాక గానీ దారికి రాదు. తెల్లటి చోట్ల రంగు కారినట్టు ఉంటుంది. కొందరు అమ్మేముందు ట్యూబుని చార్జ్ చేయిస్తారు, ఆ వెలుగు ఎక్కువ కాలం నిలవదు. తర్వాత నల్ల తెర పెట్టి చానల్ లోగో మచ్చ ఉందేమో చూడాలి. 2013లో ఇక్కడ కేబుల్ డిజిటల్ అయ్యాక ప్రతి టీవీకీ ఏవీ జాక్ ద్వారా సెట్‌టాప్ బాక్స్ తగిలించారు. ఆ వైరు లాగిలాగి బొమ్మ వచ్చే పసుపు జాక్ వదులైన టీవీలే ఎక్కువ. అది భయపడాల్సిన జబ్బు కాదు, సోల్డర్ పెడితే పోతుంది. బేరానికి మాత్రం బాగా పనికొస్తుంది.

అలా దొరికింది ఉక్కునగరంలో, 21 అంగుళాల సోనీ వేగా. రిటైరైన పెద్దాయన, పైన గుడ్డ కప్పి ఉంచారు. "భక్తి టీవీ తప్ప ఏమీ పెట్టలేదు బాబూ, మీ పిన్నిగారిది" అన్నారు. మూలన లోగో నీడ లీలగా ఉందేమోనని వంగి చూశాను, లేదు. వెనక కాంపొనెంట్ ఉంది. తెల్ల తెర మీద అడ్డంగా వెంట్రుక లాంటి నీడ కనిపిస్తే చెడిపోయిందనుకోకండి. ఇందులో ఉండే సోనీవాళ్ల ట్రినిట్రాన్ ట్యూబులో చిల్లుల రేకు బదులు నిలువు తీగలుంటాయి, అవి ఊగకుండా పట్టి ఉంచే తీగ నీడ అది. ఆ పద్ధతి 1968 నుంచీ ఉన్నదే. పెద్దాయన రెండు వేలు చెప్పి పదిహేను వందలకి దిగారు. రిమోట్ ఒరిజినలే, దాన్ని మాత్రం మరిచిపోకుండా అడిగి తీసుకోవాలి, ఎందుకో కింద చెబుతాను.

ట్రాలీ ఆటోలో తెచ్చేటప్పుడు తెర వైపు పరుపుకి ఆనించి పెట్టించాను. బరువంతా గాజు వైపే ఉంటుంది. ఎత్తేటప్పుడు తెర మన ఛాతీకి తగలాలి, వెనక సన్నటి మెడకి దెబ్బ తగిలితే ట్యూబు పోయినట్టే.

జూలై

వానలు మొదలయ్యాక అల్లిపురంలో పాత మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. డబ్బా చూడగానే "ఏటి బాబూ, ఇవి ఇంకా ఎవులికి కావాల?" అన్నాడు. గేములకని చెబితే ఓ చూపు చూసి, మూత విప్పడం మొదలెట్టాడు. విప్పేది ఆయనే, నేను కాదు. ప్లగ్గు తీసేసినా ట్యూబులో చార్జ్ నిలిచి ఉంటుంది, దాన్ని దించడం తెలియనివాళ్లు మూత జోలికి పోకూడదు. దుమ్ము ఊదించి, ఈహెచ్‌టీ వైరు ట్యూబుకి తగిలేచోట ఉండే ఆనోడ్ కప్పు చుట్టూ స్పిరిట్‌తో తుడిచి, పసుపు జాక్‌కి సోల్డర్ పెట్టి, పవర్ సప్లై వైపు ఉబ్బిన కెపాసిటర్లు రెండు మార్చాడు. ఈహెచ్‌టీ మీదున్న ఫోకస్ మీట కొంచెం తిప్పేసరికి స్కోరు అంకెలు కళ్లు తెరిచాయి. మూడు వందల యాభై తీసుకున్నాడు, సామానుతో కలిపి. ఇంకో వంద ఇస్తే పుచ్చుకోలేదు.

ఇంటికొచ్చాక మెనూ పని. సోనీలో టీవీ స్టాండ్‌బైలో ఉండగా రిమోట్ మీద డిస్‌ప్లే, 5, వాల్యూమ్ ప్లస్, పవర్ వరసగా నొక్కితే సర్వీస్ మోడ్, అంటే మెకానిక్కులు బొమ్మ సరిచేసే మెనూ, వస్తుంది. ఒరిజినల్ రిమోట్ అడిగింది ఇందుకే. ఏదీ ముట్టకముందే ప్రతి అంకె ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోవాలి. మెగా డ్రైవ్‌లో 240పి టెస్ట్ సూట్ అనే పరీక్ష ప్రోగ్రాం వేసి గడుల తెర పెట్టుకుని నిలువు ఎత్తు, అడ్డం వెడల్పు, అంచుల వంపు సరిచేశాను. 50కీ 60కీ వేర్వేరు విలువలుంటాయి. పాల్‌లో పైనా కిందా నల్ల పట్టీలు రావడం మెషిన్ల తీరే, తెర నిండా సాగదీస్తే, పూర్తి ఎత్తు వాడుకునే పాల్ గేములో స్కోరు బయటికి పోవచ్చు. నేను ఆ పట్టీల్ని అలాగే వదిలేశాను. ఒక మూల పచ్చదనం కనిపించింది, చూస్తే పక్కన పెట్టిన పాత స్పీకర్. జరిపి, టీవీని కాసేపు ఆపి మళ్లీ ఆన్ చేశాక పోయింది. ఆన్ చేసినప్పుడు 'దమ్' అని వచ్చే శబ్దం ఆ మచ్చలు తుడిచే కాయిల్‌దే.

మేనల్లుడు గదిలోకి రాగానే చెవులు మూసుకున్నాడు. "కీచుమంటోంది మావయ్యా." లైన్లు గీసే వేగం సెకనుకి పదిహేను వేల చిల్లర, ఆ శబ్దం పిల్లల చెవులకే అందుతుంది. నాకేమీ వినిపించలేదు, వయసు లెక్క తెలిసిపోయింది. బాతులు మాత్రం గురి పెట్టిన ప్రతిసారీ రాలాయి.

ఆగస్టు

చెమ్మ కోసం టీవీని కిటికీకి ఎదురుగోడకి మార్చాను, వెనక జానెడు ఖాళీ. వానాకాలంలో వాడినా వాడకపోయినా రెండు మూడు రోజులకోసారి అరగంట ఆన్ చేస్తున్నాను, ఆ వేడికి లోపల ఆరుతుంది. తడి గుడ్డ వేసి తుడవడం ఇంట్లో మాన్పించాను. స్టెబిలైజర్ అక్కర్లేదని మెకానిక్ అన్నాడు గానీ, మా వీధిలో కరెంటు వచ్చేటప్పుడు ఎగిరిపడటం చూసి స్విచ్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు పెట్టి, పని అవగానే ఆపేస్తున్నాను.

వైర్ల సంగతి. ప్లేస్టేషన్ 2కి కాంపొనెంట్ వైరు తెప్పించాను. పసుపు వైరుకీ దీనికీ తేడా అడగక్కర్లేదు, ఎరుపు అంచులు పాకడం ఆగిపోయింది. 480పి, అంటే ఒకే విడతలో 480 లైన్లు, ఇచ్చే గేముల్లో ఆ ఆప్షన్ నొక్కకూడదు, ఈ టీవీ అంత వేగం అందుకోలేదు. మెగా డ్రైవ్‌కి దాని ఆర్‌జీబీని, అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా ఇచ్చే సంకేతాన్ని, కాంపొనెంట్‌గా మార్చే పెట్టె కొందామనుకుని ఆగిపోయాను. 1991 నాటి సోనిక్ గేములో జలపాతం నిజానికి నిలువు చారలు. పసుపు వైరులో అవి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి వెనక కొండ కనిపించే నీళ్లలా అవుతాయి. వైరు మెరుగయ్యేకొద్దీ ఆ నీళ్లు కటకటాలవుతాయి. మెగా డ్రైవ్ పసుపు వైరులోనే ఉంటుంది.

ప్లేస్టేషన్ 1లో కాంపొనెంట్ రాదు. దాని డిస్కులు ప్లేస్టేషన్ 2లో వేస్తే అదే కాంపొనెంట్ వైరులో, బేసి సరి గొడవ లేని ఆ పాత పద్ధతిలోనే వస్తున్నాయి, ఈ టీవీ ఏ గొణుగుడూ లేకుండా తీసుకుంటోంది. అందుకని ప్లేస్టేషన్ 1ని మెమరీ కార్డుతో సహా మేనల్లుడికి ఇచ్చేశాను. వాళ్లమ్మ, అంటే మా అక్క, నాతో ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు. వాడిప్పుడు వాళ్లింట్లో ఎల్‌ఈడీ వద్దంటున్నాడట.