పది రూపాయల పద్దు

కింది ఫ్లోర్‌లో ఉండే పిన్నిగారు మొన్న లిఫ్ట్ దగ్గర మా ఆవిడని ఆపి అడిగారట. "మీ ఆయన ఎప్పుడు చూసినా ఇంట్లోనే ఉంటారేంటమ్మా, వర్క్ ఫ్రమ్ హోమా?" అవునండీ అందట. "ఏ కంపెనీ?" కంపెనీ కాదండీ, చర్చి పని అందట. పిన్నిగారు ఒక్క క్షణం ఆగి, "మరి జీతం?" అన్నారట.

ఆ మూడో ప్రశ్నకి ఆరేళ్లుగా నేనూ సరైన జవాబు వెతుక్కుంటున్నాను.

మాది విశాఖపట్నంలో కంచరపాలెం, రైలు పట్టాలకి బాగా దగ్గర. చిన్న బెడ్‌రూమే స్టూడియో. గోడకి పరుపు నిలబెట్టి, కిటికీకి రెండు బొంతలు వేలాడదీసి, ఫ్యాన్ ఆపేసి రికార్డింగ్ చేస్తాం. పగలు కుదరదు. కుక్కర్ విజిళ్లు, మేడ మీద పిల్లల పరుగులు, వీధిలో కూరగాయల బండి మైకు. రాత్రి ఒంటిగంట దాటాక రెండు రైళ్ల మధ్య దొరికిన సందులో ఒక కథ పూర్తవుతుంది. నెలకోసారి అరకు వైపు నుంచి ఒక అన్న కిరండోల్ రైల్లో దిగుతాడు. సువార్తల్లోని కథల్ని కువి భాషలో చెబుతాడు. వాటిని నేను శుభ్రం చేసి, మెమరీ కార్డుల్లోకి ఎక్కించి తిరిగి కొండకి పంపుతాను. సిగ్నల్ అందని ఊళ్లలో చిన్న స్పీకర్ డబ్బాలో ఆ కార్డు పెట్టుకుని సాయంత్రం పూట వింటారు. అంతే నా సేవ. లుంగీ కట్టుకుని, చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఒక మనిషి దగ్గుని మాటల మధ్య నుంచి కత్తిరించడం.

దీన్ని సేవ అని నమ్మించడం, దానికి సపోర్ట్ అడగడం ఎంత కష్టమో చెప్పలేను. గ్రామసేవకి తిరిగే సోదరుడికి ఫొటోలుంటాయి. వాగు దాటుతున్నది ఒకటి, చెట్టు కింద ప్రార్థన కూడిక ఒకటి, బాప్తిస్మం ఒకటి. నాకు ఉన్నది కంప్యూటర్ తెర మీద ఆకుపచ్చ గీతలు. కొందరు సలహా ఇచ్చారు కూడా: కొండ ఊళ్ల పిల్లల ఫొటోలు నాలుగు పెట్టు, చిరిగిన చొక్కాలవి పెట్టు, డబ్బు దానంతటదే వస్తుంది అని. ఆ పని చేయను. ఆ పిల్లల చిరుగులు నా మైక్ వైరు కొనడానికి కాదు.

మొదటి మూడేళ్లు నేను ఎవరినీ అడగలేదు. అడగకపోవడాన్ని విశ్వాసం అనుకున్నాను. మా తెలుగు విశ్వాసుల్లో ఈ పద్ధతికి పెద్ద గౌరవం ఉంది, కారణం లేకపోలేదు. ఇంగ్లండులో బ్రిస్టల్ ఊళ్లో అనాథ శరణాలయాలు నడిపిన జార్జ్ ముల్లర్ తన అవసరాలు మనుషులకి చెప్పుకోలేదు. ఆయన బావమరిది ఆంథనీ నోరిస్ గ్రోవ్స్‌తో పాటు 1836లో మన దేశానికి వచ్చిన బౌడెన్, బీర్ కుటుంబాలు జీతం హామీ లేకుండానే నరసాపురం వైపు గోదావరి డెల్టా మిషన్ మొదలుపెట్టాయి. వాళ్లని తలుచుకుని నేనూ నోరు మూసుకున్నాను. కానీ ముల్లర్ గురించి ఒక సంగతి సగమే గుర్తుపెట్టుకున్నాను. ఆయన అడగలేదు నిజమే. అయితే ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అన్నది ఏటేటా అచ్చువేసి పంచేవాడు. నేను అడగలేదు, లెక్కా చెప్పలేదు. మొదటి సగం ముల్లర్‌ది, రెండో సగం నా బద్ధకం.

బైబిల్లో ఫిలిప్పీ పత్రిక, అంటే ఫిలిప్పీ ఊరి సంఘానికి అపొస్తలుడైన పౌలు రాసిన ఉత్తరం, దాని నాలుగో అధ్యాయం నా కళ్లు తెరిపించింది. నిజానికి ఆ పత్రికే, సేవకులు తమకి సాయం చేసేవాళ్లకి రాసే ప్రేయర్ లెటర్ లాంటిది. పౌలు బందీగా ఉన్నాడు, ఫిలిప్పీ వాళ్లు ఎపఫ్రొదితు చేత కానుక పంపారు, దారిలోనో అక్కడికి వెళ్లాకో అతను చావు దాకా వెళ్లి బతికాడు. ఇప్పుడు ఫోన్‌పేలో టింగ్ మని మోగే దాని కోసం అప్పుడొక మనిషి ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు. పౌలు 15వ వచనంలో అంటాడు: "ఇచ్చు విషయములోను పుచ్చుకొను విషయములోను" మీరు తప్ప మరి ఏ సంఘం వాళ్లూ నాతో "పాలివారు" కాలేదని. 17లో, నేను కానుక కోరి ఇలా చెప్పడం లేదు, "మీ లెక్కకు" విస్తార ఫలం రావాలని అంటాడు. 18లో, మీరు పంపినవి నాకు ముట్టాయి, తక్కువేమీ లేదు అంటాడు. ఆ ముట్టాయి అన్న చోట గ్రీకులో ఉన్న మాటని ఆ కాలపు వ్యాపారులు రసీదుల మీద రాసుకునేవాళ్లు. ఇవ్వడం, పుచ్చుకోవడం, లెక్క, రసీదు. అపొస్తలుడి ఉత్తరంలో నాలుగు వచనాలు ఇంత కొట్టు భాషలో ఉండటం నాకు మొదట్లో ఇబ్బందిగానే అనిపించింది.

పాలివారు అన్న మాట తెలుగులో చదివే వాళ్లకి దొరికిన అదృష్టం. మన ఊళ్లలో పాలివాళ్లంటే దాయాదులు. ఒక చేలో హక్కున్న వాళ్లు. గట్టు తగాదా వచ్చినా పెళ్లికి పిలవక తప్పని వాళ్లు. పౌలు ఫిలిప్పీ వాళ్లని దాతలు అనలేదు. దాత అయితే ఇచ్చి వెళ్లిపోతాడు, దండ వేసి పంపేస్తాం. పాలివాడు వెళ్లడు. పంట ఎంతైంది అని అడుగుతాడు, అడిగే హక్కు అతనికుంది.

ఇది నాకు బుర్రకెక్కింది ఒక చేదు అనుభవం తర్వాతే. ఒక సంఘం రెండేళ్లపాటు నెలకి రెండు వేలు పంపేది. ఒక నెల రాలేదు, తర్వాతి నెలా రాలేదు. ఒక మాట చెప్పి ఆపొచ్చు కదా అని లోపల లోపల ఉడికిపోయాను. మా ఆవిడ దగ్గర ఆ సంఘాన్ని ఎన్ని మాటలన్నానో. ఆఖరికి ఆ అయ్యగారు ఒక పెళ్లిలో కనిపించి, "ఏం చేస్తున్నారు తమ్ముడూ ఇప్పుడు? సేవలోనే ఉన్నారా?" అని మామూలుగా అడిగారు. ఇంటికొచ్చి ఫోన్ తీసి చూశాను. ఆయనకి నేను పంపిన ఆఖరి మెసేజ్ ఎనిమిది నెలల కిందటిది. అది కూడా క్రిస్మస్ శుభాకాంక్షల బొమ్మ.

ఆ రాత్రి ఒక నోటు పుస్తకం కొన్నాను, నీలం అట్టది. వచ్చింది ఎడమ పక్క, పోయింది కుడి పక్క. సముద్రపు ఉప్పుగాలికి మైక్ పిన్నులు తుప్పు పట్టాయి, 650. కార్డులు ఇరవై. అన్నకి రాను పోను చార్జీ. కరెంటు బిల్లులో సగం. సగం అని ఎందుకు రాశానంటే మిగతా సగం మా ఇంటి ఇస్త్రీ పెట్టెది, ఫ్రిజ్‌ది. ఇంట్లోంచి పనిచేసే వాడికి ఉన్న అసలు చిక్కు ఇదే. ఇల్లెక్కడ ఆగుతుందో సేవ ఎక్కడ మొదలవుతుందో గీత గీయాలి, ఆ గీత వేరేవాళ్లు చూసేలా గీయాలి.

లెక్క అన్నాక చట్టం కూడా వస్తుంది. సేవ కదా అని దాన్ని పక్కన పెట్టేవాళ్లని చూశాను, నాకు నచ్చదు. మా పెద్దమ్మ కొడుకు డాలస్‌లో ఉంటాడు, అమెరికా పౌరసత్వం వచ్చేసింది. "నెలకి వంద డాలర్లు నీ ఖాతాలో వేసేస్తాలేరా" అన్నాడు. వద్దన్నయ్యా అన్నాను. విదేశీ పౌరుడు సువార్త పనికని పంపేది 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కిందికి వస్తుంది, ఆ రిజిస్ట్రేషన్ నాకు లేదు. బంధువే కదా అందామంటే, ఆ చట్టంలో బంధువు అంటే తోబుట్టువులు, తల్లిదండ్రులు లాంటి దగ్గరి వాళ్లే, పెద్దమ్మ కొడుకు కాదు. రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ తీసుకుని నాకు మళ్లిద్దామన్నా 2020 సవరణ తర్వాత ఒక సంస్థ ఇంకొకరికి అలా మళ్లించే వీలు లేదు. అదే అక్కడ ఉద్యోగం చేసే మన పాస్‌పోర్టు వాడు తన జీతంలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. ఇక మనవాళ్లిచ్చేది: బంధువులు కాని వాళ్ల నుంచి ఏడాదిలో వచ్చినది 50,000 దాటితే దాటిన ముక్క కాదు, మొత్తమంతా ఆదాయమే. మా ఆడిటర్ గారికి ప్రతి రూపాయి చూపిస్తాను. ఒక మతానికే సంబంధించిన పనికి విరాళాల మీద ఇచ్చే పన్ను రాయితీ రాదని ఇచ్చేవాళ్లకి ముందే చెప్పేస్తాను. అన్నయ్యకి కోపం వచ్చింది. రెండు నెలలు మాట్లాడలేదు.

కార్డులు కొనడానికి జగదాంబ వైపు వెళ్లినప్పుడల్లా విశాఖ పాత టౌన్ మీదుగా రావడం అలవాటు. 1805లో జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు లండన్ మిషనరీలు ఈ ఊళ్లోనే దిగారు. ఆనందరాయర్ అనే ఆయన సాయంతో సువార్తల్ని తెలుగులోకి మార్చే పనిలో కూర్చున్నారు. కూర్చున్నారు అనే మాటే సరి. గదిలో బల్ల ముందు, ఒక్కో మాటకి తెలుగు వెతుక్కుంటూ. క్రాన్ 1809లో పోయాడు, డెస్ గ్రాంజెస్ 1810లో పోయాడు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు సీరంపూర్‌లో అచ్చయింది 1812లో. తమ పుస్తకాన్ని ఇద్దరూ చేత్తో పట్టుకోలేదు. వాళ్ల పనికి ఇంగ్లండులో కానుకలు వేసినవాళ్లు ఏడేళ్లపాటు ఏం చూసి వేసి ఉంటారు? ఓడలో నెలల తరబడి వచ్చే ఉత్తరం తప్ప వాళ్లకి ఇంకేం ఉంది? ఆ వీధుల్లో నడుస్తుంటే నా ఎనిమిది నెలల మౌనం మళ్లీ గుర్తొస్తుంది.

బైబిల్లో దావీదు తన ఊరు సిక్లగుని దోచినవాళ్లని తరిమే కథలో బెసోరు వాగు దగ్గర అలసి ఆగిపోయిన రెండు వందల మంది ఉన్నారు, సామాను దగ్గర కూర్చున్న వాళ్లు. యుద్ధానికి వెళ్లినవాడి భాగమెంతో వాళ్ల భాగమూ అంతే అని దావీదు తీర్పు చెప్పాడు. ఇది చదివి మొదట నన్ను నేను ఓదార్చుకున్నాను, నేనూ సామాను దగ్గర వాడినే కదా అని. ఇప్పుడు వేరేగా చదువుతున్నాను. కొండెక్కేది ఆ అన్న. సామాను దగ్గర నేనూ ఉన్నాను, నాకు సపోర్ట్ ఇచ్చే పద్నాలుగు మందీ ఉన్నారు. నా పక్కన కూర్చున్న వాళ్లు వాళ్లు.

పదిహేనో మనిషి గురించి చెప్పాలి.

పెదజాలారిపేటలో ఒక ఇంట్లో కూడిక. నా పని గురించి పది నిమిషాలు చెప్పమన్నారు, చెప్పాను. అయిపోయాక చేపలమ్మే ఒక ముసలమ్మ వచ్చి, రొంటిన దోపుకున్న చిన్న సంచి విప్పి, నాలుగు మడతలున్న పది రూపాయల నోటు తీసి నా చేతిలో పెట్టింది. నోటుకి ఒక చేప పొలుసు అంటుకుని ఉంది. "కొండోళ్లకి మాటలు పంపుతున్నావంట గదా బాబూ. ఉంచు." ఇంటికొచ్చి చొక్కా జేబు వాసన చూస్తే నీచు వాసన. పౌలు ఫిలిప్పీ వాళ్ల కానుకని మనోహరమైన సువాసన అన్నాడు. నేను చొక్కా ఉతుక్కి వేశాను.

రెండు నెలల తర్వాత మళ్లీ అదే ఇంట్లో కూడిక. ఆమె నేరుగా వచ్చి, "నా పది రూపాయలు ఏటి సేసేవు బాబూ? రాసేవా?" అంది. అనుమానంతో కాదు. వాళ్లకది అలవాటు. పడవ ఒడ్డుకొచ్చాక డీజిలూ ఖర్చులూ తీసేసి, పడవకో వాటా, వలకో వాటా, మనుషులకి వాటాలు అందరి ముందూ లెక్క కడతారు. ఎవరి వాటా ఎంతో గట్టిగా అడగడం అక్కడ తప్పు కాదు. సంచిలోంచి నీలం పుస్తకం తీశాను. ఆ నెల పేజీ తిప్పాను. రెండు వేలు ఉంది, అయిదు వందలు ఉంది, రెండు వందలు కూడా ఉంది. కింద ఇతరాలు అని 340 ఉంది.

"ఇందులో కలిసింది అమ్మమ్మా" అన్నాను.

"ఇతరాలంటే ఏటి?"

నా దగ్గర జవాబు లేదు. అక్కడే కింద కూర్చుని, ఆ 340ని కొట్టేసి, ఆమె పేరు రాసి పక్కన 10 వేశాను. మిగతా చిల్లర ఎవరెవరిదో గుర్తు తెచ్చుకోవడానికి ఆ రాత్రంతా పట్టింది, ఇద్దరి పేర్లు ఇప్పటికీ గుర్తు రాలేదు. ఆమెకి చదువు రాదు. "ఇదేనా?" అని వేలు పెట్టింది. కాదు, ఆ పై వరస అని వేలు జరిపాను. కాసేపు ఆ అంకె మీదే వేలుంచి, "మరి ఆళ్లు ఏటి ఇంటన్నారు? ఇనిపించు" అంది.

స్పీకర్ డబ్బా ఆన్ చేశాను. లూకా అయిదో అధ్యాయం, యేసు జాలర్లతో మాట్లాడే కథ, కువిలో. ఒక్క ముక్క అర్థం కాకపోయినా చెవి దగ్గర పెట్టుకుని వింది.

"ఏటంటన్నాడు?"

"లోతుకి పోయి వలెయ్యమంటున్నాడు అమ్మమ్మా. రాత్రంతా వేసినా పడలేదంట వాళ్లకి."

"రేతిరి పడందీ పగటేల ఏటి పడతాయి బాబూ" అని నవ్వింది. తర్వాత డబ్బా నా చేతిలో పెట్టి, మొదటి నుంచి మళ్లీ వెయ్యమంది.