ఒవియేదో నుంచి సాంటియాగోకి, కొండ దారిన

స్పెయిన్‌లోని సాంటియాగోకి క్రైస్తవ యాత్రకు వెళ్లేవాళ్లలో చాలామంది ఫ్రాన్స్ వైపు నుంచి వచ్చే ఫ్రెంచ్ దారిలో నడుస్తారు. అక్కా నేనూ మాత్రం ఉత్తర స్పెయిన్‌లోని ఆస్టురియాస్ కొండల మీదుగా వెళ్లే కామినో ప్రిమితీవో అనే పాత దారి పట్టుకున్నాం. సాంటియాగోలో అపొస్తలుడైన యాకోబు సమాధి బయటపడిందని విని, తొమ్మిదో శతాబ్దంలో రెండో అల్ఫోన్సో రాజు ఒవియేదో నగరం నుంచి ఈ దారినే వెళ్లాడని చెబుతారు. మొత్తం సుమారు 320 కిలోమీటర్లు.

ఒవియేదో కేథడ్రల్ రక్షకుడైన క్రీస్తు పేరిట ఉంది. సాంటియాగోకి వెళ్లి ఇక్కడికి రానివాడు సేవకుణ్ని చూసి యజమానిని విడిచిపెట్టినట్టేనని అక్కడి పాత సామెత. అందుకే ముందు అక్కడ మోకరించి బయల్దేరాం.

దారి పొడవునా రాళ్ల మీద ఆల్చిప్ప గుర్తులుంటాయి. ఆస్టురియాస్‌లో ఆ చిప్ప మీది గీతలన్నీ కలిసే కొస ఎటుంటే అటు నడవాలి. సాంటియాగో ఉన్న గలీసియా ప్రాంతంలో ఈ లెక్క పనిచేయదు, పసుపు బాణాన్నే నమ్మాలి.

బోర్రెస్ అనే ఊరు దాటాక దారి రెండుగా చీలుతుంది. వాతావరణం బాగోకపోతే కింద పోలా దె అయాందె మీదుగా వెళ్లమంటారు. మాకు తెల్లారేసరికి ఆకాశం తేటగా ఉంది, పైదారే ఎక్కాం. బెర్దుసేదో వైపు వెళ్లే ఆ దారిలో గంటల తరబడి ఊరు లేదు, కొట్టు లేదు. వెయ్యి మీటర్ల పైన గడ్డి, గాలి, మేస్తున్న ఆవులు, గుర్రాలు. మధ్యాహ్నానికి సముద్రం వైపు నుంచి మంచు కమ్మేసి, పది అడుగుల అవతల అక్క కనబడకపోతే నాకు టెన్షన్ పట్టుకుంది. సరిగ్గా అలాంటి చోటే పరదియేయా, ఫోన్‌ఫరావోన్, వల్‌పరైసో అనే పాత యాత్రికుల సత్రాల శిథిలాలున్నాయి. కూలిన రాతి గోడలే మిగిలాయి. ఇంత ఎత్తున, చలిలో, ముక్కూమొహం తెలియనివాళ్ల కోసం పొయ్యి వెలిగించి ఎదురుచూసిన మనుషులుండేవారు! నాకు ఆ గోడలే గుడి అనిపించాయి. వాటి పక్కనే కూర్చుని జపమాల చెప్పుకున్నాం.

తర్వాత సలీమే జలాశయం దాకా మోకాళ్లు పట్టేసే దిగుడు. ఆ నీటి కింద ఊళ్లున్నాయి. మా అమ్మమ్మ ఊరు శ్రీశైలం ప్రాజెక్టులో మునిగింది. అక్క డ్యామ్ దగ్గర చాలాసేపు నిలబడిపోయింది.

మెలీదె అనే ఊళ్లో ఫ్రెంచ్ దారి జనంతో కలిశాం. సాంటియాగోలో సమాధి ముందు నేను మొదట ప్రార్థించింది ఆ సత్రాలు నడిపినవాళ్ల కోసమే. లియోన్ నుంచి ఒవియేదోకి పాహారెస్ కనుమ మీదుగా వచ్చే సాల్వదోర్ దారి మ్యాప్ అక్క ఇప్పటికే కొనేసింది.