మొరకు తేదీ వేయండి

“చదువువాడు పరుగెత్తుచు చదువ వీలగునట్లు నీవు ఆ దర్శన విషయమును పలకమీద స్పష్టముగా వ్రాయుము.” (హబక్కూకు 2:2)

డిసెంబరు 31 రాత్రి వాచ్‌నైట్ ఆరాధనల్లో ఈ వచనం మీద ప్రసంగాలు తరచూ వింటాం. కొత్త సంవత్సరంలో ఏం కావాలో రాసిపెట్టుకోండి, దేవుడు నెరవేరుస్తాడు అంటారు. కొత్త డైరీ తీసి ఇల్లు, ఉద్యోగం, అమ్మాయి పెళ్లి అని వరసగా రాసుకుంటాం. సంక్రాంతి దాటేసరికి ఆ డైరీ బీరువాలోకి వెళ్లిపోతుంది.

ఆ వచనాన్ని మనం మధ్యలోంచి పట్టుకుంటున్నామని నాకు అనిపిస్తుంది. దేవుడు “వ్రాయుము” అనే సమయానికి హబక్కూకు ప్రవక్త ఒక అధ్యాయమంతా ఆయనతో వాదించి ఉన్నాడు. “యెహోవా, నేను మొఱ్ఱపెట్టినను నీవెన్నాళ్లు ఆలకింపకుందువు?” అన్న మాటతోనే అతను నోరు విప్పాడు. కల్దీయులను, అంటే బబులోనువాళ్లను, మీ మీదికి రేపుతున్నానని దేవుడు జవాబిస్తే అది మింగుడుపడలేదు. మాకంటే దుర్మార్గుల చేత మమ్మల్ని ఎలా శిక్షిస్తావని మళ్లీ అడిగాడు. అడిగి, ఆయన ఏం సెలవిస్తాడో చూద్దామని కావలి గోపురం మీద కనిపెట్టుకుని నిలబడ్డాడు. రాయమన్న ఆజ్ఞ అప్పుడొచ్చింది. అంత నిష్ఠూరంగా మాట్లాడినా దేవుడు అతణ్ణి కసిరికొట్టలేదు, ఆ ప్రశ్నలు ఈనాటికీ మన బైబిల్లో ఉన్నాయి.

అందుకని ప్రార్థనలు రాసుకునే పుస్తకం మొదలుపెట్టాలనుకునేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: ముందు మొర రాయండి, తేదీ వేసి రాయండి.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఉండే మా పెద్దమ్మ ఏళ్ల తరబడి ఇలాగే రాస్తోంది. ఆవిడ చదివింది ఐదో తరగతి. దీనికోసం వేరే పుస్తకం కొనదు. పాల లెక్క రాసే నోటుబుక్కులోనే ఎడమ పేజీ పాలకు, కుడి పేజీ ప్రార్థనకు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ వారం ఎడమ పేజీలో ఏమీ లేదు. కుడి పేజీలో మాత్రం పెద్ద పెద్ద అక్షరాలతో ఇలా ఉంది: “రాత్రంతా గాలి. కొబ్బరిసెట్లు పదకొండు పడిపోనాయి. జీడితోట ఏటీ మిగల్లేదు. పశువుల సాల రేకులు ఎగిరిపోనాయి. పిల్లలు సేమం. తండ్రీ, మేం ఏటి తిని బతకాల?”

ఆ పేజీ చదివాక హబక్కూకు మూడో అధ్యాయం నాకు మరోలా వినబడింది. “అంజూరపు చెట్లు పూయకుండినను ద్రాక్షచెట్లు ఫలింపకపోయినను” అని మొదలుపెట్టి ఒలీవ చెట్లు, చేనిలో పైరు, దొడ్డిలో గొర్రెలు, సాలలో పశువులు అంటూ ప్రవక్త ఒక్కొక్కటీ పేరు పెట్టి చెబుతాడు. “అన్నీ పోయినా సరే” అని ఒక్క ముక్కలో తేల్చేయడు. ఆ తర్వాతే “నేను యెహోవాయందు ఆనందించెదను” అంటాడు. కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. అలాంటి చెట్లు ఒక్క రాత్రిలో నేలకూలినవాళ్ల దగ్గరకు వెళ్లి, వెంటనే స్తుతి చెల్లించమని తొందరపెట్టడం నాకు ఎప్పుడూ నచ్చదు. పెద్దమ్మ పుస్తకంలో స్తోత్రం వచ్చింది, కానీ ఎన్నో పేజీలు గడిచాక, సంక్రాంతి ముందు వచ్చింది. “ఇంతవరకు యెహోవా మనకు సహాయము చేసెను” అన్న సమూయేలు మాట రాసి, దాని కింద బియ్యం ఎవరు పంపారో, టార్పాలిన్ ఎవరు తెచ్చిచ్చారో పేర్లతో సహా రాసుకుంది. సమూయేలు ఆ మాట అంటూ ఎబెనెజరు, అంటే సహాయపు రాయి, అని పేరుపెట్టి ఒక రాయి నిలబెట్టాడు, ఆవిడకు ఆ పేజీయే ఎబెనెజరు.

రాసేకొద్దీ బాధ ఎక్కువయ్యేవాళ్లూ ఉంటారు. తమ గురించే రాస్తూ పోతే ఎవరికైనా అంతే. ఇక్కడ ఆసాపు రాసిన 77వ కీర్తన చదవాలి. నిద్రపట్టని రాత్రి అది. పదో వచనం దాకా నా శ్రమ, నా ప్రాణం, నా హృదయం అనే పాడాడు. పదకొండో వచనంలో “పూర్వము జరిగిన నీ ఆశ్చర్యకార్యములను నేను మనస్సునకు తెచ్చుకొందును” అని తిరిగాడు. అక్కణ్ణుంచి చివరిదాకా నీవు, నీ మార్గము, నీ ప్రజలు. అందుకే ప్రతి మొరనూ “ప్రభువా” అని పిలిచి రాయండి. ఆ పిలుపుతో రాసింది తనలో తాను గొణుక్కోవడంగా మిగలదు, ప్రార్థన అవుతుంది.

మిగతాది తేలిక. రాత్రి కుటుంబ ప్రార్థన అయ్యాక నాలుగు వరుసలు చాలు: తేదీ, ఆ రోజు చదివిన వాక్యం, జరిగింది, అడిగింది. మధ్యలో రోజులు తప్పినా ఫర్వాలేదు, ఖాళీలు పూరించడానికి కూర్చోకండి. పక్కన కాస్త చోటు వదిలితే జవాబు వచ్చిన రోజు అక్కడ వేసుకోవచ్చు. బైబిలు భాషలోనే రాయాలని కష్టపడొద్దు. సిక్కోలు మాటలో ఏడ్చినా ఆయన వింటాడు. సంఘంలో ఎవరైనా గుట్టుగా ప్రార్థించమని చెప్పుకుంటే మాత్రం పూర్తి పేరు రాయకండి, మొదటి అక్షరం చాలు. వాట్సాప్ స్టేటస్‌లో అసలే పెట్టకండి.

విజయనగరంలో కూర్చుని గురజాడ అప్పారావు గారు రాసుకున్న డైరీలు ఆయన పోయాక అచ్చయి మన చేతికొచ్చాయి. మన పుస్తకాన్ని ఎవరూ అచ్చు వేయరు, వేయనక్కర్లేదు కూడా. మనం కలం పట్టకముందే రాసిపెడుతున్నవాడు ఒకడున్నాడు. “నా కన్నీళ్లు నీ బుడ్డిలో నుంచబడి యున్నవి, అవి నీ కవిలెలో కనబడును గదా” అన్నాడు దావీదు. కవిలె అంటే లెక్కల పుస్తకం. ఆ లెక్క మీద నమ్మకంతోనే మన నాలుగు వరుసలు రాస్తాం.

డిసెంబరు చివరి వారంలో పుస్తకం మొదటినుంచీ చదవండి. సాక్ష్యాలు చెప్పే కూడికలో “సంవత్సరమంతా కాపాడిన దేవునికి వందనాలు” అని అందరం అంటాం. ఫలానా నెలలో ఇది అడిగాను, ఫలానా రోజున ఇలా జరిగింది అని చెప్పగలిగితే పక్కన కూర్చున్నవాళ్లకు ఎంత బలమో. జవాబు రానివీ ఉంటాయి. మా పెదనాన్న ఇప్పటికీ డయాలసిస్‌కి వెళ్తున్నారు. పెద్దమ్మ ఆ మొరను ఏటా కొత్త నోటుబుక్కులోకి ఎక్కిస్తుంది, మొట్టమొదట రాసిన తేదీతోనే. పక్కన హబక్కూకు 2:3 రాస్తుంది: “అది ఆలస్యముగా వచ్చినను దానికొరకు కనిపెట్టుము.” మీ పుస్తకంలోనూ అలాంటివాటిని కొట్టివేయకండి. పాత తేదీతోనే కొత్త పుస్తకంలోకి ఎక్కించండి.